పాత ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్: జీహెచ్ఎంసీ పర్మిషన్ కావాలా, అక్కర్లేదా?

రవళి_హబ్సిగూడ

అందరికీ నమస్తే. కాస్త పెద్ద ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

మాది హైదరాబాద్ హబ్సిగూడలో 420 గజాల స్థలం, తూర్పు వాకిలి ఇల్లు. నాన్నగారు 2009లో ప్లాన్ శాంక్షన్ చేయించుకుని గ్రౌండ్ ప్లస్ వన్ కట్టించారు. కింద అమ్మానాన్నలు ఉంటారు, పైన మేము. వెనక, అంటే పడమటి వైపు, ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య 15 అడుగుల ఖాళీ ఉంది. శాంక్షన్ ప్లానులో వెనక సెట్‌బ్యాక్ 1.5 మీటర్లే రాసుంది, అంటే ప్రహరీ నుంచి తప్పనిసరిగా వదలాల్సిన ఖాళీ అంతే. నాన్నగారు కొబ్బరి చెట్ల కోసమని ఎక్కువ వదిలారు. ఆ చెట్లు ఇప్పుడు లేవు, స్థలం అలాగే ఉంది.

అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నేల మీద నడిస్తే నొప్పి, నడవకపోతే కాళ్లు బిగుసుకుపోతున్నాయి. ఛాతీ లోతు నీళ్లలో రోజూ నడిస్తే మంచిదని ఫిజియోథెరపిస్టు చెప్పారు. బయట పూల్స్‌కి తీసుకెళ్లాం. నిచ్చెన మెట్లు పట్టుకుని దిగడం ఆవిడ వల్ల కావడం లేదు. పైగా ఆడవాళ్ల టైమింగ్ మధ్యాహ్నం ఎండలో పెడుతున్నారు. అందుకే ఇంట్లోనే చిన్న పూల్ కట్టుకుందామని అనుకున్నాం.

ఒక పూల్ కాంట్రాక్టరు వచ్చి చూసి 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఫైబర్ పూల్ పడుతుందన్నారు. “ఇది రెడీమేడ్ వస్తువు మేడం, కట్టడం కాదు, మున్సిపాలిటీకి సంబంధమే లేదు. గొయ్యి తవ్వి దించేస్తాం” అన్నారు. ఇంకొకాయన తవ్వకం గొడవ లేకుండా టెర్రస్ మీద పెట్టేద్దామన్నారు. మా బాబాయేమో నీళ్లు పడమర వద్దు, ఈశాన్యంలోనే ఉండాలంటున్నారు. పక్కింటి ఆంటీకి వాళ్ల పాత రాతి ప్రహరీ కూలుతుందేమోనని భయం. ఆవిడతో మాకు ఇరవై ఏళ్ల స్నేహం, అది పాడు చేసుకోవడం మాకు ఇష్టం లేదు.

అసలు పర్మిషన్ కావాలా? కావాలంటే ఎవరి దగ్గర? ఇంట్లో ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప ఉన్నారు. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పాత_టీపీఎస్

అమ్మా, నేను టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. పర్మిషన్ సంగతి నేను చెబుతాను, కట్టుబడి సంగతి ఇంజినీర్లు చెబుతారు.

“రెడీమేడ్ కాబట్టి సంబంధం లేదు” అన్న మాట నమ్మకండి. మన జీహెచ్ఎంసీకి ఆధారం 1955 నాటి చట్టం. అందులో ‘బిల్డింగ్’ అంటే ఇల్లొక్కటే అని రాయలేదు. గోడ, కంచె, అరుగు, ఏ పదార్థంతో చేసిన నిర్మాణమైనా సరే అందులోకే వస్తుంది. ఇటుకా ఫైబరా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. నేల తవ్వి, పైపులు వేసి, చుట్టూ డెక్ కట్టి స్థిరంగా ఉంచేదాన్ని తాత్కాలిక వస్తువు అని ఎవరూ ఒప్పుకోరు. వేసవిలో పిల్లల కోసం గాలి ఊది, సాయంత్రానికి మడిచి లోపల పెట్టుకునే ప్లాస్టిక్ తొట్టి వేరు, ఇది వేరు.

అయితే ‘స్విమ్మింగ్ పూల్ పర్మిషన్’ అని విడిగా ఒక కాగితం కోసం వెతుక్కోవద్దు. మీ ఇంటి ప్లానులో మార్పు కింద, అంటే అడిషన్-ఆల్టరేషన్ కింద, పూల్‌ను కొలతలతో సహా చూపించి అప్లై చేయాలి. మన దగ్గర సెట్‌బ్యాకులు, ఎత్తులు, పార్కింగ్ అన్నీ 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం చూస్తారు. 2020లో ఇంటి ప్లాన్ల అనుమతుల కోసం టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇళ్లకి సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తున్నారు. మీ 420 గజాలు అంటే 351 చదరపు మీటర్లు, ఆ లోపే. ఇప్పుడు దరఖాస్తులు బిల్డ్‌నౌ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా పెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. వెంటనే వచ్చింది కదా, ఇక అడిగేవాడు లేడనుకుంటారు. సొంత ధ్రువీకరణ అంటే బాధ్యత మొత్తం మీ సంతకం మీదకి వచ్చిందని అర్థం. కాగితంలో ఒకటి రాసి నేల మీద ఇంకొకటి కడితే, నోటీసు కూడా లేకుండా తొలగించే అధికారం ఆ చట్టంలోనే ఉంది. అసలు అనుమతే లేకుండా కడితే పాత చట్టంలోని 452, 636 సెక్షన్ల కింద నోటీసు, కూల్చివేత ఎలాగూ ఉన్నాయి. ఇలాంటి కేసులు చాలావరకు పక్కింటివాళ్ల ఫిర్యాదుతోనే మొదలవుతాయి. కాబట్టి ఆ ఆంటీ గారికి ప్లాను మీరే చూపించండి.

సెట్‌బ్యాక్ గురించి నా సలహా ఒక్కటే. శాంక్షన్ ప్లానులో వెనక 1.5 మీటర్లని ఉంది కాబట్టి ఆ ఐదడుగుల జోలికి పోవద్దు. ప్రహరీ నుంచి ఐదడుగులు కొలిచి గీత గీయండి, పూల్ గోడ బయటి అంచు సహా అంతా గీతకి ఇవతలే ఉండాలి. అప్పుడు ఏ ఆఫీసరు వచ్చినా, ఏ పొరుగువాడు రాసినా చెప్పుకోవడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది. పంపు కోసం రేకుల గది వేస్తే అది కూడా నిర్మాణమే, దాన్నీ ప్లానులో చూపించాలి.

ఈశాన్యం అంటే మీకు ఇంటి ముందు భాగం అవుతుంది. అక్కడ బోరు, సంపు ఉండే ఉంటాయి, గేటు, కారు సరేసరి. మీ ముందున్న రోడ్డు మాస్టర్ ప్లానులో వెడల్పు కావాల్సి ఉందేమో చూసుకోండి. ఉంటే ముందు భాగంలో పెట్టిన ఖర్చు రోడ్డులో పోతుంది. బాబాయి గారికి ఈ మాట చెప్పండి.

ఇంకొకటి. మీ ఏరియాలో చెరువులు, నాలాలు దగ్గర. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న దానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా, ఉంటుంది. పది మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకి 9 మీటర్లు, లోపు దానికి 2 మీటర్లు. మీ సర్వే నంబరు ఆ గీతల్లో పడుతుందో లేదో ముందే చూసుకోండి. పడితే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

బీమ్‌కాలమ్

రవళి గారూ, నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని, లైసెన్సు ఉంది. సార్ చెప్పిన ఐదడుగుల మాట బంగారం. మీరు ఎలాగూ పర్మిషన్ తీసుకుంటారు, సంతోషం. కానీ ప్లాను అప్లికేషన్‌లో ఎవరూ అడగని విషయాలే పూల్‌ని ముంచుతాయి, ఒక్కోసారి ఇంటినీ.

ముందు టెర్రస్ మాట తేల్చేద్దాం. మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుని డిజైన్ చేస్తాం. ఐఎస్ 875 కోడ్ రెండో భాగంలో ఉన్న అంకె ఇది. నాలుగడుగుల నీళ్లంటే చదరపు మీటరుకి 1,200 కిలోలు. ఎనిమిది రెట్లు! మీకు చెప్పిన 20×10×4 పూల్‌లో 22,600 లీటర్లు పడతాయి, అంటే ఇరవై రెండున్నర టన్నులు. అది నీళ్ల బరువే, తొట్టి బరువు వేరు. 2009లో ఇంటికని పోసిన స్లాబు, బీములు, కాలమ్స్, కింద పునాది దిమ్మలు (ఫుటింగ్స్) ఏవీ ఈ బరువుకి చేసినవి కావు. పెద్ద టవర్ల పైన పూల్స్ ఉంటాయి, నిజమే. అవి మొదటి రోజు నుంచీ ఆ బరువు లెక్కేసి కట్టినవి. టెర్రస్ మీద పెట్టేద్దామన్న ఆయన్ని స్ట్రక్చరల్ డ్రాయింగ్ మీద సంతకం పెట్టించి తెమ్మనండి. తేలేరు.

ఇప్పుడు నేలలో పూల్. రెండు భయాలున్నాయి. ఒకటి తవ్వేటప్పుడు, రెండోది తవ్విన తర్వాత.

తవ్వేటప్పుడు: నాలుగడుగుల నీళ్లు కావాలంటే, పైన అర అడుగు, కింద స్లాబు, దాని కింద ఇనుము లేని కాంక్రీటు పొర (పీసీసీ) కలిపి అయిదున్నర అడుగులు దిగాలి. మీ ఇంటి ఫుటింగ్ అయిదడుగుల లోతున ఉందనుకుందాం. ఆ ఫుటింగ్ గోడ గీతతో ఆగదు, బయటికి రెండు, రెండున్నర అడుగులు చొచ్చుకుని ఉంటుంది. దాన్ని జేసీబీ బకెట్‌తో గీకినా, దాని పక్క మట్టి వదులైనా ఇంటికే దెబ్బ. అందుకని ఇంటి వైపు మూడడుగులు వదలాలి. మొదట ఒక్కచోట చేత్తో తవ్వించి ఫుటింగ్ ఎక్కడ ఉందో కళ్లారా చూసుకుని అప్పుడు మార్కింగ్ ఇవ్వండి.

ఆంటీ గారి రాతి ప్రహరీ సంగతి ఇంకా సున్నితం. పాత రాతి గోడల పునాది మహా అయితే రెండడుగులు ఉంటుంది. మీ గొయ్యి దాని అడుగు కన్నా మూడున్నర అడుగులు కిందికి పోతుంది. లోతు తేడా ఎంతో కనీసం అంత దూరం జరిగి తవ్వాలన్నది మేం పాటించే లెక్క, అంటే మూడున్నర అడుగులు. సార్ చెప్పినట్టు ఐదడుగులు వదిలితే అదీ దీన్లోనే తీరిపోతుంది. కాంట్రాక్టరు చెప్పిన పది అడుగుల వెడల్పైతే, గోడల మందం కలుపుకుని పదకొండున్నర పోగా రెండు వైపులా రెండడుగుల కన్నా తక్కువే మిగులుతుంది. అది చేయకూడని పని.

లెక్క ఇలా వస్తుంది: 15 అడుగుల్లో ప్రహరీ వైపు ఐదు, ఇంటి వైపు మూడు తీసేస్తే ఏడు మిగిలింది. ఎనిమిదేసి అంగుళాల గోడలు పోతే నీటి వెడల్పు ఐదున్నర అడుగుల పైచిలుకు. తక్కువ అనిపించవచ్చు. కానీ మీ అమ్మగారికి కావాల్సింది ఈత కాదు, నడక. ఐదున్నర వెడల్పు, 18 అడుగుల పొడవు ఉంటే రెండు వైపులా చేతికందేలా స్టీల్ రెయిలింగ్ పెట్టుకుని హాయిగా నడవచ్చు. నీళ్లు 11,200 లీటర్లు చాలు, సగానికి సగం తగ్గింది. నిచ్చెన కాకుండా ఒక చివర కాంక్రీటు మెట్లు, ఆరు అంగుళాల ఎత్తువి, పెట్టించండి.

తవ్విన తర్వాత భయం: నీళ్లు లేనప్పుడు పూల్ తేలడం. చాలామంది నవ్వుతారు కానీ ఇది జరిగే విషయం. ఆగస్టు, సెప్టెంబరులో మన దగ్గర నేల నీరు పైకి వస్తుంది. 20×10 పూల్ అడుగు వైశాల్యం, గోడలతో కలిపి, దాదాపు 22 చదరపు మీటర్లు. నేల నీరు అడుగు స్లాబు కన్నా ఒక్క మీటరు పైకి వస్తే 22 టన్నుల బలంతో పైకి నెడుతుంది. ఎనిమిది అంగుళాల ఆర్సీసీ తొట్టి అయితే సొంత బరువు 24 టన్నుల దాకా ఉంటుంది కాబట్టి కష్టంగానైనా నిలబడుతుంది. ఫైబర్ తొట్టి బరువు దాని ముందు లెక్కలోకే రాదు. వానాకాలంలో శుభ్రం చేద్దామని ఖాళీ చేసిన రోజే లేచి కూర్చుంటుంది, పైపులు తెగుతాయి. 2020 అక్టోబరు వానలు మీ ఏరియా వాళ్లకి నేను గుర్తు చేయక్కర్లేదు. అందుకే నా మాట ఆర్సీసీ. నీళ్లు నిలిపే కాంక్రీటుకి ఐఎస్ 3370 అని వేరే కోడ్ ఉంది, దాని ప్రకారం డిజైన్ చేయమనండి. అడుగున హైడ్రోస్టాటిక్ రిలీఫ్ వాల్వ్ పెట్టించండి. బయట నీటి ఒత్తిడి పెరిగితే అదే తెరుచుకుని ఆ నీటిని లోపలికి వదులుతుంది. వానల్లో పూల్ పూర్తిగా ఖాళీ చేయకండి.

రాయి తగిలితే బ్లాస్టింగ్ మాట ఎత్తనివ్వద్దు. ఇళ్ల మధ్య పేలుడు సామగ్రి వాడటానికి వేరే లైసెన్సులు, అనుమతులు కావాలి. ఎవరో ‘తెలిసిన మేస్త్రి’ చేసేది నేరం. రంధ్రాలు వేసి ఉబ్బే రసాయనం పోస్తే రాత్రికి రాత్రి రాయి పగులుతుంది, చప్పుడు ఉండదు. బ్రేకర్ పెట్టాల్సి వస్తే ముందు ఆంటీ గారి గోడనీ ఇంటి పగుళ్లనీ ఆవిడ సమక్షంలోనే ఫొటోలు తీసి, తేదీ వేసి ఇద్దరూ ఉంచుకోండి. తర్వాత ఏ పగులు పాతదో, ఏది కొత్తదో అన్న వాదన రాదు. పని జనవరి తర్వాత మొదలుపెట్టి మే లోపు ముగించండి. వానాకాలంలో గోతులు తవ్వొద్దని జీహెచ్ఎంసీ కూడా ఏటా చెబుతూనే ఉంటుంది.

తవ్విన మట్టిని రాత్రిపూట ఏ నాలా పక్కనో పోయించకండి. దయచేసి. మీ వీధి మునగడానికి అలాంటి మట్టే సగం కారణం. భవన వ్యర్థాలకి ఫతుల్లగూడలో ప్లాంటు ఉంది, మీకు దగ్గరే.

నల్లకుంట_ఫ్లాట్

మధ్యలో అడ్డు వస్తున్నాను, క్షమించండి. మాది అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోరు. టెర్రస్ హక్కులు నాకే అని బిల్డరు రాసిచ్చాడు. చిన్న పూల్ పెట్టుకోవచ్చా?

పాత_టీపీఎస్

లేదు బాబూ. అపార్ట్‌మెంట్ డాబా అందరి ఉమ్మడి ఆస్తి. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం నుంచీ ఇదే మాట. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద ఉన్న ప్రాజెక్టులో అయితే ఉమ్మడి భాగాల ప్లాను మార్చడానికి బిల్డరుకే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వక అంగీకారం ఉండాలి. బరువు గురించి పైన ఇంజినీరు గారు చెప్పింది మీకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, కింద నాలుగు కుటుంబాలు పడుకుంటాయి.

కొంపల్లి_కాపురం

రవళి గారూ, మా ఇంట్లో పూల్ ఉంది, కాబట్టి నీళ్ల సంగతి చెబుతాను. పర్మిషన్ ఫైలు ఒకసారి ముగుస్తుంది, నీళ్ల లెక్క ప్రతి నెలా ఉంటుంది.

కుళాయి నీళ్లతో నింపాలని అనుకోవద్దు. 2021 నుంచి వాటర్ బోర్డు నెలకి 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది, అది తాగడానికి, ఇంటి అవసరాలకి. కృష్ణా, గోదావరి నుంచి కొండలెక్కించి అంత దూరం తెచ్చిన నీళ్లు పూల్‌లో పోయడం నాకు మనసొప్పదు. బెంగళూరులో 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు అక్కడి బోర్డు పూల్స్‌కి తాగునీరు వాడటాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. మన దగ్గర బోర్లు ఎండే ఏడాది అదే ఆర్డరు రావడానికి ఎంతసేపు పడుతుంది?

బోరు నీళ్లైతే ముందు పరీక్ష చేయించండి. మా వైపు నీళ్లు ఉప్పు, గట్టి నీళ్లు. టైల్స్ మీద, ఫిల్టర్‌లో తెల్లటి పొర గట్టిపడిపోతుంది. పూల్ కోసమని కొత్త బోరు వేయాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. రిగ్గు వాడు ‘రాత్రికి వేసేస్తాం’ అంటే వినకండి.

ఎండాకాలం నీళ్లు ఆవిరైపోతాయి. మీరు ఇప్పుడనుకుంటున్న సైజుకి రోజుకి అరవై, డెబ్బై లీటర్ల దాకా పోవచ్చు. పైన కవర్ వేస్తే చాలావరకు ఆగుతుంది, ఆకులూ పడవు. ఒక హార్స్‌పవర్ పంపు రోజుకి ఆరు గంటలు తిప్పితే అయిదారు యూనిట్లు కాలుతుంది. నెలకి నూట యాభై పైన. మీ మిగతా వాడకంతో కలిపి పై స్లాబులోకి వెళ్తారు, బిల్లు చూసి ఉలిక్కిపడకండి.

అందరూ మర్చిపోయేది ఫిల్టర్ కడిగిన నీళ్లు. బ్యాక్‌వాష్ చేసినప్పుడల్లా వందల లీటర్ల క్లోరిన్ నీళ్లు బయటికొస్తాయి. అవి రోడ్డు మీదకి వదలకూడదు, జరిమానా సంగతి అటుంచి నలుగురు నడిచే దారి అది. మీ స్థలానికి ఇంకుడు గుంత తప్పనిసరి, ఉండే ఉంటుంది. ఆ గుంతలోకి అసలు వదలకండి, మీ బోరు నీళ్లే పాడవుతాయి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కి విడిగా పైపు వేయించండి. అది కూడా ప్లానులో గీయించేయండి, తర్వాత ఫ్లోరింగ్ పగలగొట్టే పని ఉండదు.

శాన్‌హోసే_నుంచి

అక్కా, మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాం. మూడేళ్ల పాప అన్నారు కాబట్టి ఇక్కడి పద్ధతి చెబుతాను. అక్కడ ఎవరూ అడగకపోయినా మీరు పాటించాలని నా కోరిక.

ఇక్కడ పర్మిట్ ఇచ్చేముందు సైట్ ప్లాను చూస్తారు. తర్వాత దశల వారీగా ఇన్‌స్పెక్టర్ వస్తాడు. కాంక్రీటు కొట్టేముందు ఇనుము, దానికి ఎర్త్ బాండింగ్ (లోహాలన్నీ తీగతో కలిపి ఎర్త్ చేయడం) చూస్తాడు. ప్లాస్టర్ ముందు, అంటే నీళ్లు నింపకముందే, పిల్లల రక్షణ ఏర్పాట్లు చూస్తాడు. అవి లేకపోతే పని అక్కడితో ఆగిపోతుంది. 1996లో వచ్చిన పూల్ సేఫ్టీ చట్టాన్ని సవరించాక, 2018 జనవరి నుంచి, ఇంటి పూల్‌కి ఏడు రక్షణల్లో కనీసం రెండు ఉండాలి: చుట్టూ కంచె, తీసి పెట్టుకునే మెష్ కంచె, బరువు ఆపే సేఫ్టీ కవర్, ఇంటి తలుపుకి అలారం, తనంతట తనే మూసుకుని గడియ పడే తలుపు, నీళ్లలో అలారం, లేదా వీటికి సమానమైనది ఇంకోటి.

కంచె కొలతలు రాసుకోండి. ఎత్తు 60 అంగుళాలు. కింద సందు రెండు అంగుళాలకు మించకూడదు. కమ్మీల మధ్య నాలుగు అంగుళాల బంతి దూరకూడదు, పిల్లల తల అందులో పడుతుంది కాబట్టి. గేటు పూల్ నుంచి బయటి వైపుకి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకోవాలి, గడియ నేల నుంచి 60 అంగుళాల పైన ఉండాలి. కంచె పక్కన కుర్చీ, కుండీ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఏదీ ఉండకూడదు, ఎక్కేస్తారు.

మునిగే పిల్లలు సినిమాలో లాగా కేకలు వేయరు. చప్పుడే ఉండదు. వంటింట్లో పాలు పొంగేంత సేపు చాలు. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లున్నారు కదా అనుకోకండి, ఒకరు చూస్తున్నారని ఇంకొకరు అనుకుంటారు. అమ్మమ్మ నీళ్లలో నడుస్తుంటే మనవరాలు వెంటే వస్తుంది.

అడుగున నీళ్లు లాగే డ్రెయిన్ ఒక్కటే పెట్టించకండి. రెండు పెట్టించి, మధ్య కనీసం మూడడుగుల దూరం ఉంచండి. ఒకదాని మీద జుట్టో ఒళ్లో పడ్డా రెండోది లాగుతుంది, మనిషి అంటుకుపోరు. వాటిపై మూత విరిగితే మార్చేదాకా ఎవరినీ దిగనివ్వకండి.

రవళి_హబ్సిగూడ

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న నాన్నగారూ నేనూ టేపు పట్టుకుని కొలిచాం. 15 అడుగులు అంతటా లేదు, ఉత్తరం చివర పద్నాలుగున్నరే ఉంది. ఆంటీ గారిని పిలిచి సుద్దతో గీసి చూపించాం. ఐదడుగులు అవతలే ఉంటుందని చూశాక ఆవిడ మనసు కుదుటపడింది. “పని మొదలుపెట్టేముందు మా గోడ ఫొటోలు తీద్దాం, నేను కూడా ఉంటాను” అన్నారు.

బాబాయి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇంటికి పడమర వైపు గొయ్యి ఉండకూడదని ఆయన నమ్మకం. ఆయన మాట నేను తీసిపారేయను, ఈ ఇల్లు ముహూర్తం చూసి నిలబెట్టింది ఆయనే. పూల్‌ని పడమటి ఖాళీలోనే వాయవ్యం వైపుకి, అంటే ఉత్తరం చివరికి జరిపితే ఫర్వాలేదంటున్నారు. కానీ అక్కడే వెడల్పు తక్కువ. ఏం చేయమంటారు? ఇంకో రెండు సందేహాలు. లైట్లు పెట్టుకోవచ్చా, కరెంటు భయం లేకుండా? అప్లికేషన్‌కి ఏమేం కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

బీమ్‌కాలమ్

వాయవ్యానికి జరపండి, ఇబ్బంది లేదు. పద్నాలుగున్నర అంటే నీటి వెడల్పు ఐదడుగుల పైచిలుకు వస్తుంది. మొత్తం పొడవునా ఆ ఐదే ఉంచేయండి, ఒక చివర సన్నం, ఒక చివర వెడల్పు వద్దు. మీ అమ్మగారు రెండు రెయిలింగ్స్ ఒకేసారి పట్టుకోగలుగుతారు, ఆవిడకి అదే నయం. ప్రహరీ వైపు ఐదడుగుల్లోంచి మాత్రం ఒక్క అంగుళం కూడా తీసుకోవద్దు.

లైట్లు 12 వోల్టులవే పెట్టండి, ట్రాన్స్‌ఫార్మర్ పూల్‌కి దూరంగా ఉండాలి. పంపు, లైట్ల సర్క్యూట్ మొత్తానికి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. పూల్ ఇనుము, రెయిలింగ్, మెట్ల పైపు, పంపు బాడీ అన్నీ రాగి తీగతో కలిపి ఎర్త్ చేయాలి. ఇది కాంక్రీటు పోయకముందే జరగాలి, తర్వాత చేయడానికి వీలుండదు. పోసే రోజు ముందు ఆ బాండింగ్ ఫొటోలు నాకైనా, మీ ఇంజినీరుకైనా పంపండి. మీ కాంట్రాక్టరు ఇదంతా ఎందుకంటే ఆయన్ని మార్చేయండి.

నీళ్లలో క్లోరిన్ లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. టెస్ట్ కిట్ కొని అమ్మగారు దిగేముందు మీరే చూడండి. పెద్దవాళ్ల చర్మం త్వరగా పొడిబారుతుంది, ఎక్కువ క్లోరిన్ పడదు.

పాత_టీపీఎస్

కాగితాల సంగతి అమ్మా. 2009 శాంక్షన్ ప్లాను, ప్రొసీడింగ్స్ కాపీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాను ప్రకారమే ఉందని ఇచ్చే పత్రం), రిజిస్టర్డ్ డాక్యుమెంటు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ఆస్తిపన్ను తాజా రసీదు తీసి ఉంచండి. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంటే దరఖాస్తు ఆయన పేరునే పెట్టాలి. లైసెన్సున్న ఆర్కిటెక్టుతో కొత్త ప్లాను గీయించి, పూల్ పొడవు, వెడల్పు, లోతు, ప్రహరీ నుంచి దూరం, పంపు చోటు, మ్యాన్‌హోల్‌కి పోయే పైపు, ఇంకుడు గుంత అన్నీ చూపించమనండి. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో డిజైన్, స్టెబిలిటీ సర్టిఫికెట్ జత చేయండి.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకపోతే, ఆ రోజుల్లో చాలామంది తీసుకోలేదు, ముందు ఆ విషయం తేల్చుకోండి. 2009 ప్లానుకీ ఇప్పుడున్న ఇంటికీ ఎక్కడైనా తేడా ఉంటే, బాల్కనీ మూసేయడమో, పైన గది వేయడమో, కొత్త దరఖాస్తుతో అది కూడా బయటికొస్తుంది. ఆర్కిటెక్టుని ఇల్లంతా కొలిపించి పాత ప్లాను పక్కన పెట్టి చూడమనండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

రవళి_హబ్సిగూడ

పైన ఉత్తరం బాల్కనీకి గ్రిల్, అద్దాలు వేసి మూసేశాం సార్. ప్లానులో అది తెరిచే ఉంది.

పాత_టీపీఎస్

అయితే ముందు ఆ అద్దాలు తీయించండమ్మా. తీసిన ఫొటోలు దగ్గర ఉంచుకుని ఆ తర్వాత ఆర్కిటెక్టుని పిలవండి. సంక్రాంతికల్లా దరఖాస్తు పెట్టేస్తే ఎండలు ముదిరేలోపు కాంక్రీటు పోసి క్యూరింగ్ కూడా అయిపోతుంది.